కాకికి చెప్పిన ఆఖరి భాగం

నవ్వితే నవ్వుండ్రి గాని, మధ్యల అడ్డం రాకుండ్రి. పోయిన వారం మా బాపుకు పిట్టకు పెట్టిన కాడ నేను చేసిన ఘనకార్యం ఇప్పటికీ మా సుట్టాలందరి నోట్ల నానుతాంది. కన్నతండ్రి కోసం వచ్చిన కాకిని, ఇగో ఈ చేతులతోనే ఎల్లగొట్టిన!

ముందుగాల మా బాపు సంగతి చెప్పాలె. కోస్గి బజార్ల ఆయనది టైలర్ దుకాణం. తెలంగాణ వచ్చిన ఏడు, నేను అప్పుడు ఆరో తరగతి, లైనింగ్ బట్ట కోసం పట్నం పోయి ఫుట్‌పాత్ మీద ఒక పాత పుస్తకం పట్టుకొచ్చిండు. 'నీలిమంట రాజ్యం', మొదటి భాగం. మందార అని ఒక గొర్లు కాసే పిల్ల, మాట్లాడే నక్క, నల్లరాణి, నడిచే కోట. అంతే, నాకు పిచ్చి లేసింది! ఒక్కో భాగం వస్తాంటే బడి, తిండి, అన్నీ మర్చిపోయేదాన్ని. మందారకున్నట్టు నాక్కూడ నల్ల అంగరఖా కావాలని మొండికేస్తే, మిగిలిన బురఖా బట్టతోని బాపే కుట్టిచ్చిండు. అది ఏసుకొని బతుకమ్మ కాడికి పోయిన. మా ముసలవ్వ చూసి, "పండుగ పూట నల్లబట్టలేందే, నీ మొఖం మన్నువడ!" అని ఎంటవడ్డది. బాపు మాత్రం నేను పెరిగినకొద్దీ ఏటేటా అంచు ఇప్పి పొడుగు జేసేటోడు.

బడి కాంగనే దుకాణానికి పోయి, మిషన్ పక్కన స్టూల్ మీద కూసొని, సదివిన కథంత బాపుకు చెప్పేదాన్ని. ఆయన మిషన్ తొక్కుకుంట "ఊ" కొట్టేటోడు. అప్పుడప్పుడు "అయితే గా నక్క మంచిదేనా?" అని అడుగుతుండె. నాకు ఎంత గర్వమో! బాపుకు సదివే తీరిక యాడిది, నేను చెప్తెనే గదా ఆయనకు తెల్సేది అనుకునేదాన్ని.

ఐదో భాగం, అదే ఆఖరిది, ఏండ్లకేండ్లు రాలే. నా డిగ్రీ అయింది, బీఎడ్ అయింది, ప్రైవేట్ బడిల సైన్స్ టీచర్‌నైన. ఈ ఏడు వచ్చింది పుస్తకం. వచ్చేటాల్లకు బాపు పాలమూరు దవాఖానల ఉన్నడు. కిడ్నీలు రెండూ ఖరాబైనయి. మంచం పక్కన కూసొని రోజు కొంత సదివి వినిపిచ్చిన. గొంతు లేకున్నా "ఊ" కొడుతనే ఉన్నడు.

ఒకనాడు అడిగిండు, "ఆఖరికి మందార బతుకుతదా బిడ్డా?"

"ఆగు బాపూ, దుంకితే మజా ఉండది. వరుసగనే పోవాలె" అన్న.

"సరే తియ్యి" అన్నడు.

ఇంక కొన్ని పేజీలే ఉన్నయనంగ పోయిండు. ఆ పేజీలు తర్వాత నేనొక్కదాన్నే సదివిన. ఏం సదివిననో నాకే ఎరుక.

మూడో నాడు ఊరవతల శ్మశానం గోడ పక్కన పిట్టకు పెట్టినం. తెల్వనోళ్లకు చెప్తున్న, పోయిన మనిషికి ఇష్టమైనయన్ని వండి, ఆకుల పెట్టి, అందరం దూరం జరిగి నిలవడుతం. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగ పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ఆకుల అన్నం, మటన్, గారెలు, కల్లు సీసా, బీడీల కట్ట, అన్నీ పెట్టినం. కాకి తుమ్మచెట్టు మీద కూసొని మమ్ముల చూస్తాంది గాని కిందికి దిగుతలేదు.

మా అమ్మ ఖరాఖండిగ చెప్పింది, "ఆయన ముట్టేదాక నేను మంచినీళ్లు గూడ ముట్ట." అమ్మకు షుగర్. మూడు రోజుల సంది సరిగ తిన్నది లేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది, మనిషి కూసున్న కాడనే తూలుతాంది. బాపు ఎట్లనో పోయిండు, ఇగ అమ్మ గూడ నా కండ్ల ముందరనే పడిపోతదేమో అని నా పానం పానంల లేదు.

ఒక్కొక్కలు ముందుకొచ్చి మాటిస్తున్నరు. మా పెద్దబాపు చేతులు జోడిచ్చి, "తమ్మీ, నీ మిషన్ అమ్మం. దుకాణం బందువెట్టం. వచ్చి ముట్టు" అన్నడు. కాకి మెడ తిప్పుకున్నది. మా మేనత్త కొంగు నోట్ల వెట్టుకొని, "అన్నా, నీ బిడ్డ పెండ్లి నేను దగ్గరుండి చేస్త" అన్నది. కాకి ఆ చెట్టు ఇడిసి ఇంకో చెట్టు మీదికి పోయింది! ఆ బిడ్డను నేనే గదా, నాకు గూడ ఆ మాట అంత నచ్చలే.

అమ్మ తల గోడకానిచ్చి కండ్లు మూసింది. అప్పుడు నాకు తట్టింది. మందార! బాపు అడిగిన ఒకే ఒక్క మాటకు నేను జవాబియ్యలే. ఆయన కోరిక గదే!

పిల్లలకు సైన్స్ చెప్పేదాన్ని, కాకి ముంగట పోయి నిలవడ్డ. "బాపూ, విను" అని మొదలు వెట్టిన. "మందార నడిచే కోట లోపలికి పోయింది. నల్లరాణి ఎవలో తెల్సా? పరాయిది గాదు, మందార సొంత అక్క!"

ఎన్క "దీనికేమైంది?" అని పెద్దబాపు గొణుగుతాండు. నేను వింటనా! మంచిగ గొంతు మార్చి, రాణి మాట రాణిలెక్క, నక్క మాట నక్కలెక్క చెప్పుకుంట పోతున్న. ఏడుస్తనే చెప్తున్న. నమ్ముండ్రి, కాకి దిగింది! ఆకు పక్కకొచ్చి, ఒక్క దుంకు దుంకి, మెడ చాపింది. అమ్మ కండ్లు తెరిచింది.

అప్పుడే కథ యుద్ధం కాడికొచ్చింది. నాకు ఒళ్లు తెల్వలే. మందార మంత్రం చదివే కాడ ఆమె లెక్కనే చెయ్యి పైకి ఇసిరి, గొంతు చించుకొని అరిచిన, "లే మంటా, లే!"

లేసింది. మంట గాదు, కాకి! ఎటు పోయిందో గూడ కనవడలే.

"ఓసి నీ!" అని పెద్దబాపు నెత్తి కొట్టుకున్నడు. "వచ్చినోన్ని ఎల్లగొట్టినవు గదనే!"

నా నోరు మాత్రం ఆగలే, ఆఖరు మాట గూడ చెప్పేసిన. "మందార సచ్చిపోయింది బాపూ. అక్కను కాపాడి, సచ్చిపోయింది."

అంతే, ఎన్కకెళ్లి ఒక్క బొబ్బ! మా మేనత్త బిడ్డ శిరీష. మూడు రోజుల సంది ఒక్క కన్నీటి బొట్టు రాల్చని పొల్ల, నేల మీద కూలవడి గుండెలు బాదుకుంటాంది. ఆడోళ్లందరు ఉరికొచ్చి పట్టుకున్నరు. "మామ అంటే ఎంత పానమో పాపం, లోపల్లోపలే కుములుతుండె!" అని వాళ్లు గూడ ఏడుపు అందుకున్నరు. శిరీష నా దిక్కు చెయ్యి చూపెట్టి, ఎక్కిళ్ల మధ్యల అంటాంది, "నేనింక మూడో భాగంలనే ఉన్న గదా అక్కా!"

గప్పుడు అమ్మ నవ్వింది. సన్నగ మొదలై ఆగకుంట నవ్వుతాంది. మతి తప్పిందేమో అని నేను ఉరికిన. నా చెయ్యి వట్టుకొని పక్కన కూసోవెట్టుకున్నది.

"మీ బాపుకు ఆఖరు ఎరుకనే పిచ్చిదానా. నువ్వు మందులకు పోయినప్పుడు సదివిండు."

"వరుసగ వినిపిస్తుంటి గద!"

"ఈసారే గాదు, ప్రతిసారి గంతే. ఏ పుస్తకం తెచ్చినా దుకాణంల ముందు ఆఖరి పేజీలు సదివినంకనే నీ చేతికిచ్చేటోడు. అండ్ల ఎవలన్న సస్తె నువ్వు అన్నం ముట్టవు గద. గట్లాంటప్పుడు నాకు చెప్పేటోడు, పొల్ల ఆఖరికొచ్చింది, గుడ్ల పులుసు వెట్టు, అదైతెనే తింటది అని."

నేను గుడ్లప్పగిచ్చి చూస్తున్న. నిజమే! నక్క సచ్చిపోయిన నాడు ఇంట్ల గుడ్ల పులుసు. ముసలి గురువు సచ్చిపోయిన నాడు గుడ్ల పులుసు. అదంత ఉత్తగ గట్ల కుదిరిందనుకున్న.

"దవాఖానల గూడ చెప్పిండు" అన్నది అమ్మ. "ఈ పుస్తకం అయిపోయేటాల్లకు నేను ఉంటనో ఉండనో, పొల్లకు గుడ్లు వండి వెట్టు, నువ్వు గూడ దాంతోని కూసొని తిను, అన్నడు."

కొంగుతోని మొఖం తుడ్సుకొని లేసింది. "నడువుండ్రి ఇంటికి."

ఎన్క ఎవలో "ముట్టింది, ముట్టింది!" అని అరిచిండ్రు. కాకి అని పెద్దబాపు, కుక్క అని మేనత్త, ఇప్పటికీ పంచాయితి తెగలే. అమ్మ ఎన్కకు తిరిగి చూడలే.

ఇంటికొచ్చి అమ్మ గుడ్ల పులుసు వెట్టింది. ఇన్నేండ్లు బాపుకు కథ నేనే చెప్తున్న అని మురిసిన! ఆఖరు ముందే తెల్సినోడు, ఏం తెల్వనట్టు ఊ కొట్టుకుంట కూసున్నడు. తెల్వని శిరీషేమో ఫోన్ల నన్ను బ్లాక్ చేసింది. అమ్మ అన్నం కలుపుకొని ఒక గుడ్డు తిన్నది. నేను బాపును తలుసుకొని ఎక్కెక్కి ఏడుసుకుంట నాలుగు తిని, ఐదోదానికి చెయ్యి చాపితే, అమ్మ గిన్నె పక్కకు జరిపింది.