గుల్లలు కడిగిచ్చిన పోలమ్మ పిన్ని

నిన్న పొద్దున్న గేట్ బజార్‌లో ఉన్నాను. ఆస్పత్రి దుప్పటి గరుకుగా ఉందని పోలమ్మ పిన్ని విసుక్కుంటే, మెత్తటిది ఒకటి కొందామని వెళ్ళాను.

షాపతను రెండు దుప్పట్లు తీసి చూపిస్తుంటే ఫోన్ వచ్చింది. పిన్ని కొడుకు దానయ్య.

"అమ్మ ఎలిపోనాది పాపా."

ఏ రంగు కావాలని షాపతను ఒడియాలో రెండుసార్లు అడిగాడు. దుప్పట్లు అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. ఆటో ఎక్కి ఆస్పత్రికి పొమ్మన్నాను.

మొన్న సాయంత్రం కూడా పిన్ని మాట్లాడింది. అన్నం బాగోలేదని తిట్టింది.

ఇది చదివే మా ల్యాబ్ వాళ్ళకి ఆవిడ పేరు, ఫొటో మాత్రమే తెలుసు. నేనుండే హల్దియాపదర్‌లో మా వీధివాళ్ళకి అవి కూడా తెలియవు. గంజాం దగ్గర, ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, బురదలో గుల్లలు, అంటే తినే ఆల్చిప్పలు, ఏరి అమ్ముకునే మనిషి. మా ల్యాబ్‌కి శాంపిల్స్ ఇచ్చేది ఆవిడే. నా పీహెచ్‌డీ ఆవిడ చేతుల మీదుగా నడిచింది.

గుల్ల రోజంతా నీళ్ళు పీల్చి వదులుతుంది. నీళ్ళలోని బాక్టీరియా దాని లోపల చేరుతుంది. అందులో యాంటీబయాటిక్స్‌కి లొంగనివి ఏవి, ఏ జన్యువుల వల్ల లొంగడం లేదు, వాటి మధ్య గుల్ల మాత్రం ఎలా బతుకుతోంది... ఇదీ నా పని.

ఇదంతా చెబితే పిన్ని ఒకటే అడిగింది.

"దాని కాడున్న మందేదో మనకీ ఉంటే బాగుణ్ణు గదా?"

"అందుకే కదా పిన్నీ ఇదంతా" అన్నాను, గొప్పగా.

మొదటి మూడు నెలలు, బాక్టీరియాని పెంచే మా ప్లేట్స్‌లో ఏమీ పెరగలేదు. ఒక్క కాలనీ కనిపిస్తే ఒట్టు. తప్పు నాదేనని మా గైడ్ తేల్చేశారు. బాక్టీరియాకి మేతగా వేసే మీడియా మార్చాను, ఇంక్యుబేటర్ మార్చాను, ఆఖరికి శనివారాలు ఉపవాసం కూడా ఉన్నాను.

ఒకరోజు చెప్పకుండా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళాను.

బోరింగు దగ్గర పిన్ని పీట వేసుకుని, ఒక్కో గుల్లనీ బ్రష్షుతో తోముతోంది. తోమినవన్నీ బ్లీచింగ్ పౌడర్ కలిపిన బకెట్లో నానబెడుతోంది. బాక్టీరియా కోసం వెతికే శాంపిల్స్ అవి!

"ఏటి చేస్తన్నావు పిన్నీ?" అని అరిచాను.

"యూనివర్సిటీకెల్లే సరుకు పాపా. బురదతో పంపితే మీ సార్లు నన్నేటనుకుంటారు?"

బజారుకి బురదతోనే అమ్మేది. మాకు మాత్రం మూడు నెలలూ అలా మర్యాద చేసి పంపింది. నేను అక్కడే కూలబడి ఏడ్చేశాను. ఆవిడ కంగారుపడి టీ తెప్పించింది. విషయం అర్థమయ్యాక నన్నే తిట్టింది.

"మురికే కావాలని ముందే సెప్పొద్దా?"

ఆ తర్వాత శాంపిల్ బాక్స్ మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేది కాదు. దానయ్య ఐస్ సర్దబోయినా కసిరేది.

అప్పటినుంచి ప్లేట్స్ నిండాయి. మెడికల్ షాపుల్లో దొరికే మామూలు మందులు వేసి చూస్తే, చాలా బాక్టీరియాని అవి ఏమీ చేయలేకపోయాయి. అది నా థీసిస్‌లో ఒక చాప్టర్ అయింది. తర్వాత కాన్ఫరెన్స్‌లో పోస్టర్ అయింది. పోస్టర్ మీద పిన్ని ఫొటో కూడా పెట్టాను, మోకాళ్ళ దాకా బురదలో నిలబడి నవ్వుతున్నది. అందరూ మెచ్చుకున్నారు.

మూడు వారాల క్రితం గుల్ల అంచు తగిలి ఆవిడ అరికాలు తెగింది. ఇది ఆవిడకి కొత్త కాదు. పసుపు అద్ది, రెండు మాత్రలు వేసుకుని, మంట తగ్గగానే ఆపేసేది. "మందుల దొకానోడు ఇచ్చినాడు, తగ్గిపోనాది" అని నాతోనే ఎన్నోసార్లు అంది. నేను ఊఁ కొట్టాను.

ఈసారి కాలు నల్లబడ్డాక గానీ ఆస్పత్రికి రాలేదు.

ఏ మందు పనిచేస్తుందో తేల్చే కల్చర్ రిపోర్ట్ నేనే చదివాను. మందుల పేర్లు వరసగా ఉన్నాయి. పక్కన ఆర్, ఆర్, ఆర్. లొంగదని అర్థం. ఇలాంటి కాగితాలు నా దగ్గర కట్టలు కట్టలు ఉన్నాయి. శాంపిల్ నంబర్ బదులు మనిషి పేరున్నది చూడటం ఇదే మొదటిసారి.

పిన్ని కాలిలోని బాక్టీరియా ఆ బురదలోంచే వచ్చిందని నేను చెప్పలేను. దాని జన్యువులు సీక్వెన్స్ చేసి పోల్చి చూస్తే గానీ తేలదు. సైంటిస్టుగా అంతే.

మనిషిగా ఇంకోటి చెప్పాలి. గమ్‌బూట్లు లేకుండా నేను ఆ బురదలోకి ఎప్పుడూ దిగలేదు. ల్యాబ్ రూల్. పిన్ని నా పక్కనే వట్టికాళ్ళతో నడిచేది. నాలుగేళ్ళు! చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసమని ల్యాబ్‌లో ఇంకో జత ఉండేది. అది ఆవిడకి ఇవ్వాలని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు అయిపోయాక, గుల్లలు ఏరే ఆడవాళ్ళు నలుగురు ఇసుకలో నా పక్కన కూర్చున్నారు. ఏం రోగమని అడిగారు.

ఇంగ్లీషు ముక్కలు లేకుండా చెప్పాను. బురదలో ఏముందో, అందులోకి వట్టికాళ్ళతో ఎందుకు దిగకూడదో, చిన్న గాయమైనా డాక్టర్‌కి ఎందుకు చూపించాలో, మాత్రలు సొంతంగా వేసుకోవడం, మధ్యలో మానేయడం ఎందుకు ప్రమాదమో. మొత్తం పది నిమిషాలు పట్టింది.

పిన్ని తోడికోడలు అంతా విని, నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఈ మాటలు మా పోలమ్మకి సెప్పినావా పాపా?"

లేదన్నాను.

తిడితే బాగుండేది. ఆవిడ చీర దులుపుకుని లేచి వెళ్ళిపోయింది.

పిన్నీ, వెళ్ళిరా. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఇకనైనా నీ కాలు నొప్పి లేకుండా, ఎవరూ లేపకుండా, హాయిగా పడుకో.