ఏసోబు మేస్త్రి గారి సూర్యుడు

నిన్న ఉదయం ఏసోబు మేస్త్రి గారి కూతురు సునీత ఫోన్ చేసింది. "నాన్న పోయాడు సార్" అంది. నిద్రలోనే గుండె ఆగిందట.

మొన్న సాయంత్రమే ఆయన కాల్ వచ్చింది. ఏం అడుగుతారో తెలుసు కాబట్టి ఎత్తలేదు.

తెలియనివారికి చెబుతున్నాను. ఏసోబు గారు చిలకలూరిపేట దగ్గర ఒక పత్తి మిల్లులో ఫిట్టర్. నలభై ఏళ్ళ సర్వీసు. చదువు ఎనిమిదో తరగతి. సౌర కుటుంబం ఎలా పుట్టిందన్న దానిపై ఆయనకు సొంత సిద్ధాంతం ఉంది.

ఆరేళ్ళ క్రితం మండలంలో అర్జీలు తీసుకునే రోజున దాన్ని పదకొండు పేజీలు రాసి తెచ్చారు. పింఛన్లు, పట్టాల కోసం వచ్చినవాళ్ళ క్యూలో నిలబడ్డారు. పైన పద్ధతిగా రాసుంది: "విషయం: సూర్యుడి నుంచి గ్రహాలు విడిపోయిన విధము."

"ఏ శాఖకు పంపమంటావయ్యా? ఇరిగేషనా, కరెంటా?" అన్నాడు గుమాస్తా.

క్యూ అంతా నవ్వింది. వార్తల కోసం వెళ్ళిన నేనూ నవ్వాను.

ఆయన నవ్వలేదు. కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"మీరన్నా చదవండి సార్. పొగడొద్దు. తప్పెక్కడుందో చెప్పండి, చాలు."

దుమ్ము మేఘం తిరుగుతూ ముద్దకట్టి సూర్యుడూ గ్రహాలూ అయ్యాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆయన ఒప్పుకోలేదు.

"నలభై ఏళ్ళుగా మా మిల్లులో దూది దుమ్ము తిరుగుతానే ఉంది సార్. ఒక్క ఉండ కాలా."

ఆయన లెక్కలో ముందు సూర్యుడు ఒక్కడే. విపరీతమైన వేగంతో తిరిగాడు. ఆ వేగానికి ముక్కలు విడిపోయి గ్రహాలయ్యాయి.

ఒకసారి మిల్లుకు పిలిచి చూపించారు. తిరిగే పుల్లీకి గ్రీజు ముద్ద పెట్టారు. అది చిట్లి నా తెల్ల చొక్కా మీద పడింది.

"దులుపుకోబాకండి సార్. అది గురుడు" అని టేపుతో దూరం కొలిచారు.

ఆ పేజీలను గుంటూరులో ఫిజిక్స్ చెప్పే మా బావమరిదికి ఇచ్చాను. వారంలో జవాబు వచ్చింది. ఇది పిచ్చి ఆలోచన కాదు, ఇలా ఆలోచించినవాళ్ళు ఇంతకు ముందూ ఉన్నారు, కానీ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంది అని. ఆ ప్రశ్న కూడా రాశాడు. పుస్తకాల్లోని సిద్ధాంతాన్ని కూడా అదే ప్రశ్న చాలాకాలం ఇబ్బంది పెట్టిందట.

నేను మేస్త్రి గారికి చెప్పలేదు.

బాధపడతారనుకున్నాను. అర్థం కాదేమో అని కూడా అనుకున్నాను. అది రాయడానికి సిగ్గుగా ఉంది.

"చూశారాండీ సార్?" అని ప్రతి రెండు మూడు నెలలకూ ఫోన్. "చూస్తున్నారు మేస్త్రి గారూ." మన వైపు ఎవరినీ నొప్పించకుండా పంపించడానికి వాడే మాట. అర్జీదారులకు ఆఫీసుల్లో ఆ మాటే చెబుతారని నేను ఎన్నోసార్లు వార్తలు రాశాను.

నిన్న సాయంత్రం సమాధుల తోటలో పాస్టర్ గారు ప్రార్థన చేశారు. "మన సహోదరుడు రాసిన గ్రంథం గుంటూరులో పెద్దల పరిశీలనలో ఉంది" అన్నారు. జనం ఆమెన్ అన్నారు. సునీత నా వైపు చూసి తలూపింది.

అక్కడ నోరు తెరవలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. పరిశీలనలో ఏమీ లేదు. ఆరేళ్ళుగా ఆ జవాబు నా బీరువాలో ఉంది. రేపు తీసుకెళ్ళి సునీతకు ఇస్తాను.

మేస్త్రి గారూ, తప్పు ఇక్కడండి. సూర్యుడు ఇప్పుడు చాలా నెమ్మదిగా తిరుగుతున్నాడు. ఒక్క చుట్టుకు దాదాపు ఇరవై అయిదు రోజులు. ముక్కలు విసిరేసేంత వేగంగా తిరిగినవాడికి బ్రేకు ఎలా పడింది? అడిగింది ఇదొక్కటే.

షాఫ్టులు, బెల్టులు, బ్రేకులతో బతికిన మనిషి మీరు. ఈ ప్రశ్న మీకు అర్థం కాదనుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే దీనిమీద ఆరేళ్ళు కుస్తీ పట్టేవారు. ఆ ఆరేళ్ళు నేనే పోగొట్టాను.

వెళ్ళి రండి మేస్త్రి గారూ. ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడక్కర్లేని చోట మీకు నెమ్మది దొరకాలి.