నాలుగును మూడు చేసిన ఎర్ర పెన్ను

ఏడేళ్ల పిల్లలకు మంచి కుటుంబం అంటే ఏమిటో నేర్పగలననుకోవడం నా మొదటి మూర్ఖత్వం. నేర్పేశాననుకోవడం రెండోది. చేతిలో ఎర్ర పెన్ను, తలలో ఎర్రితనం, రెండూ ఉన్నవాడు మూడోదాని కోసం వెతుక్కోనక్కర్లేదు. అదే వచ్చి ఒళ్లో కూర్చుంటుంది.

హసన్‌పర్తి దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో సర్కారు బడి మాది. ఇద్దరమే టీచర్లం, రెండో తరగతి నాది. మా ఆవిడా టీచరే. బదిలీల్లో ఆమెకు ఇంకో జిల్లా వచ్చింది. కూతురు ఆమెతో వెళ్లింది, నేను హనుమకొండలో ఒక గదిలో మిగిలాను. పొద్దున్నే ఒక్కడికి సరిపడా అన్నం వండి, బాక్సులో పెట్టుకుని, బస్సు పట్టుకుని వచ్చి పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. ‘మంచి కుటుంబంలో అందరూ కలిసి భోంచేస్తారు’ అని బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కీచుమనేది. అది నవ్వో ఏడుపో నాకు తెలిసేది కాదు.

పాఠం అయ్యాక ప్రాజెక్టు పని ఇవ్వాలి. “రేపు మీ ఇంట్లో అందరూ ఉన్న ఫొటో తీసుకురండి” అన్నాను. ‘అందరూ’ అన్న మాట ఎంత బరువైనదో అనే ముందు ఒకసారి ఎత్తి చూసుకోవలసింది. చూసుకోలేదు.

మర్నాడు ఒకడు మేనత్త పెళ్లి ఆల్బమ్ నుంచి ఏకంగా పేజీనే ఊడబీక్కొచ్చాడు. ఒకమ్మాయి ఇంట్లో ఐదుగురి ఆధార్ కార్డుల జిరాక్సులు కలిపి పిన్ను కొట్టి తెచ్చి, “అందరం ఉన్నం సార్” అంది. ఆధారాలతో సహా ఉన్న కుటుంబాన్ని కాదనడానికి నేనెవర్ని? తీసుకున్నాను.

గోడ పక్కన కూర్చునే పిల్ల మాత్రం తనంత పొడుగున్న చుట్ట ఒకటి భుజాన వేసుకుని వచ్చింది. సుతిలి తాడు విప్పి నేల మీద పరిచింది. ఫ్లెక్సీ.

మా వైపు ఇంట్లో మనిషి పోతే, పెద్దకర్మ నాటికి ఊరి చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. పోయిన మనిషి నిలువెత్తున ఉంటాడు, మెడలో కంప్యూటర్ వేసిన పూలదండతో. కింద అంచున, చిన్న చిన్న గుండ్రాల్లో, ఇంటివాళ్లు వరసగా ఉంటారు. ఈ ఫ్లెక్సీలో నిలువెత్తు మనిషి ఆ పిల్ల తండ్రి. కిందటేడు పత్తి చేనుకు మందు కొడుతూ పడిపోయి, దవాఖానకు తీసుకుపోయే దారిలోనే పోయాడు. కింద మూడు గుండ్రాలు: నాయినమ్మ, అమ్మ, తను.

పిల్లలు చుట్టూ మూగి పైనున్న పెద్ద అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. “అ… శ్రు… ని… వా… ళి.” శ్రు దగ్గర తడబడకుండా చదివినవాణ్ణి నేను “శభాష్” అన్నాను. ఆ ‘శభాష్’ నా చెవిలో ఇంకా ఉంది.

“ఇది ఫ్యామిలీ ఫొటో కాదు బిడ్డా” అన్నాను మెల్లగా.

“ఇదే సార్. మేం అందరం ఉన్నది ఇదొక్కటే.”

మాట రానప్పుడు మాస్టారు చేసే పనే చేశాను, రాతపని ఇచ్చాను. ‘మీ కుటుంబంలో ఎంతమంది ఉన్నారు?’ అందరూ రాశారు. ఆ పిల్ల 4 అని రాసింది. అంకె గుండ్రంగా, పొందిగ్గా ఉంది.

ఆ వారంలోనే విద్యాధికారి తనిఖీకి వస్తారని కబురు. ఆయన నోటుపుస్తకాలు తెరిచి తప్పులు దిద్దారా లేదా అని చూస్తారు. దిద్దని టీచరుకు మెమో. టీచర్ల గైడులో, ‘కుటుంబ సభ్యులు అంటే ప్రస్తుతం ఒకే ఇంట్లో కలిసి ఉంటున్నవారు’ అని అచ్చయి ఉంది. నేను గైడు చూశాను, పిల్ల ముఖం చూడలేదు. ఎర్ర పెన్ను తీసి 4 కొట్టేసి, పక్కన 3 వేశాను.

“సార్, బాపు?” అంది పిల్ల.

“బాపు ఇప్పుడు లేడు కదా బిడ్డా. ఉన్నోళ్లనే రాయాలె.”

“ఫొటోల ఉన్నడు గద సార్.”

“ఇంట్లో ఉన్నోళ్లను” అన్నాను. ఇంతకంటే తెలివైన జవాబు నా డిగ్రీలు రెండూ కలిసి వెతికినా దొరకలేదు.

మర్నాడు పిల్ల రాలేదు. నాయినమ్మ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు.

“ఏం సారూ, నా కొడుకు మీద ఎర్రగీత కొట్టినవట?”

“అది లెక్క కోసమమ్మా…”

“మంచి లెక్కనే. నాలుగుల ఒకటి తీస్తే మూడు. వాడు పోయిన కాన్నుంచి మేం దినాం గదే లెక్క చేస్తానం. పొద్దుగాల పల్లాలు పెట్టేటప్పుడు చేస్తానం, పండేటప్పుడు చేస్తానం. మల్ల బడిల గూడ చేపియ్యాల్నా?”

ఆమె అక్కడితో ఆపలేదు. ఆపవలసిన అవసరమూ లేదు.

“ఆ ఫ్లెక్సీ మా వంటింటి రేకుల మీద కప్పి ఉంటది. రేకులకు బొక్కలున్నయ్. ఫొటో కావాలె, సార్ తెమ్మన్నడు అని పిల్ల ఏడిస్తే, దాని తల్లి ఎక్కి తీసిచ్చింది. నిన్న వాన ఎట్ల కొట్టిందో సూడలేదా? బియ్యం నానినయ్. ఆడు సచ్చి గూడ మమ్ముల వానల తడవనియ్యలే సారూ. నువ్వేమో ఇంట్ల లేడంటివి.”

తరగతి గదిలోనే ఉండిపోయిన ఫ్లెక్సీని నేనే చుట్టి, తాడు కట్టి ఇచ్చాను. “ఫికర్ జెయ్యకు, రేపు పిల్లను బడికి తోలుతా” అంటూ ఆమె పోయింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది.

ఆ సాయంత్రం హనుమకొండలో బస్సు దిగి కర్రీ పాయింట్ దగ్గర ఆగాను. “ఎంతమందికి సార్?” అన్నాడు గరిటె పట్టుకున్నతను. రోజూ అడిగేదే. “ఒక్కనికే” అన్నాను. గైడు ప్రకారం నా కుటుంబంలో నేనూ, పాకెట్ పప్పుచారూ. దారంతా ఆలోచించాను. మా ముగ్గుర్ని ఎవరైనా కొట్టేసి ఒక్కడని రాస్తే నేను ఒప్పుకోను. ఫోన్లో రోజూ మాట్లాడతాం కదా, అంటాను. ఆ పిల్లకు ఫోన్ చేసేవాళ్లు లేరు. ఆమెకున్న సిగ్నలంతా ఆ నాలుగులోనే ఉంది. దాన్ని నేను కోసేశాను.

తనిఖీ రోజు విద్యాధికారి ఇరవై పుస్తకాల్లోంచి ఆ పుస్తకాన్నే లాగారు. నా అదృష్టం ఎప్పుడూ అంతే. నన్ను వెతుక్కుంటూ వస్తుంది, చేతిలో కర్రతో.

“అచ్చా! దిద్దుడంటే గిది” అన్నారు. “పిల్ల నాలుగు రాస్తే ఊకోలే. కొట్టేసి మూడు వేసిండు. గైడు సదివే మాస్టర్ దొరికిండయ్యా! కాంప్లెక్స్ మీటింగుల ఈ పాఠం నువ్వే చెప్పాలె.”

పిల్ల గోడ పక్క నుంచి చూస్తోంది. నేను నోరు తెరిచాను. మెమో గుర్తొచ్చి మూశాను. “థాంక్యూ సార్” అని కూడా అన్నాను. దాచడమెందుకు, అన్నాను.

ఆయన జీపు వెళ్లిపోయాక పిల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె పుస్తకం తీసి కొత్త పేజీ తిప్పాను.

“సార్ తప్పుగ దిద్దిండు బిడ్డా. తప్పు సార్‌ది. నీ లెక్కనే కరెక్టు. మల్ల రాయి, ఎంతమంది మీరు?”

పిల్ల పెన్సిల్ తీసుకుంది. జాగ్రత్తగా 3 వేసింది.

“నాలుగు రాయి బిడ్డా.”

“వద్దు సార్. మూడే.”

“నేను చెప్తున్న గద…”

“నాలుగు రాస్తే మల్ల కొట్టేస్తరు సార్” అంది. గొంతులో కోపం లేదు, అలక లేదు. ఎక్కం ఒప్పజెప్పినట్టు అంది. ఇన్నేళ్ల నా సర్వీసులో నేను చెప్పిన పాఠం ఇంత బాగా ఒంటబట్టించుకున్న పిల్ల లేదు. తర్వాత చాక్లెట్ ఇచ్చి అడిగాను, బొమ్మ గీయమన్నాను, నాయినమ్మ చేత చెప్పించాను. బొమ్మలోనూ ముగ్గురే. నేర్పడం నా చేతుల్లో ఉంది కానీ నేర్పింది వెనక్కి తీసుకోవడం ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఇప్పుడామె మూడో తరగతి. మూడు అంకె చక్కగా వేస్తుంది.

తనిఖీ జరిగిన నెలలోనే కాంప్లెక్స్ మీటింగు వచ్చింది. చుట్టుపక్కల బడుల టీచర్లందరూ ఒక హైస్కూలు హాల్లో చేరారు, ముందు వరసలో విద్యాధికారి. నేను లేచి అందరికీ చీటీలు పంచి, మీ కుటుంబంలో ఎంతమందో రాయండి అన్నాను. “సార్, మీరు గూడ” అని ఆయనకూ ఒకటి ఇచ్చాను. ఆయన నవ్వి, 5 అని రాసిచ్చారు.

“ఎవరెవరు సార్?”

“మేమిద్దరం, ఇద్దరు కొడుకులు, మా అమ్మ.”

“కొడుకులు మీతోనే ఉంటరా సార్?”

“హైదరాబాద్ల హాస్టల్ల ఉంటరు.”

“అమ్మగారు?”

“నర్సంపేటల, మా తమ్మునింట్ల. ఏందయ్యా, జనాభా లెక్కలా?”

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. అందరూ చూస్తుండగా 5 కొట్టేసి, పక్కన 2 వేశాను.

ఆయన ముఖం మారిపోయింది. “ఏందిది? మా అమ్మను తీసేస్తవా?”

“నేను కాదు సార్, గైడు. ప్రస్తుతం ఒకే ఇంట్లో ఉంటున్నోళ్లనే రాయాలె గద.”

ఆయన ఆ చీటీ కోసం చెయ్యి చాపారు. నేను వెంటనే ఇవ్వలేదు. కింద పొట్టి సంతకం చేసి, తేదీ వేసి, ‘మూడుసార్లు తిరిగి రాయవలెను’ అని రాసి అప్పుడిచ్చాను.