ముసుగు వీరుడి వెనక పోలీసులు

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ఆవిడ పోయేముందు చెబుదామని మంచం పక్కన కూర్చున్నాను. మందు వేసుకున్నావా అని అడిగి లేచి వచ్చేశాను. ఇన్నేళ్లూ గుండె మీద బరువు మోశానంటే వినడానికి బాగుంటుంది గాని, నిజం కాదు. చాలాకాలం హాయిగా మరిచిపోయాను. ఉద్యోగం చేశాను, పదిమందికీ నీతులు చెప్పాను. అంత హాయిగా మరిచిపోగలిగానన్నదే ఇప్పుడు అసలు బరువు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా నాన్నగారు ఉప్పు శాఖలో గుమాస్తా. బందరు నుంచి హంసలదీవి దగ్గరి చిన్న ఆఫీసుకు బదిలీ చేశారు. నాకు పన్నెండేళ్లు. అక్కడ బడి లేదు, తోటివాళ్లు లేరు. బందరు రేవులో పనిచేసే మావయ్య, తెల్ల సిపాయిలు చదివి పారేసిన అమెరికా బొమ్మల పుస్తకాలు కొన్ని తెచ్చి ఇచ్చాడు. వాటిలో ఒక ముసుగు వీరుడు. మోటారు కారును తలకిందులు చేస్తాడు, ఇనప తలుపును అప్పడంలా విరుస్తాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం, బొమ్మలు చూసి కథ నేనే అల్లుకునేవాణ్ణి. కోటు వేసుకున్నవాణ్ణి వీరుడు మెడ పట్టి ఎత్తితే, వాడు దొరవేషం కట్టిన దొంగ అనుకున్నాను. వీరుడి వెనక పోలీసులు పరిగెత్తుతుంటే, వాళ్లు ఆయన దండు అనుకున్నాను. మా ఉప్పు ఇనస్పెక్టరుగారి వెనక జవాన్లు పరిగెత్తేవారు మరి. నేను చూసిన లోకం అదే.

దొంగను పట్టాలి. ఆ వేసవంతా నాకు అదే యావ.

నాంచారమ్మది పక్కనే ఉన్న జాలరి పల్లె, పాలకాయతిప్ప. మొగుడు సముద్రంలో పోయాడు. చేపలు ఉప్పులో ఊరవేసి, ఎండబెట్టి అమ్ముకునేది. మా ఇంట్లో చేప వాసనే పడదు. అయినా నేను ఆవిడ పాక నీడన కూర్చుని, ఆవిడ ఒలిచి ఇచ్చిన తాటిముంజలు తినేవాణ్ణి. మీ అమ్మగారికి చెప్పకు బాబూ, తిడతారు అనేది. ఆ రోజుల్లో చవుడు నేల మీద పేరిన ఉప్పు ఇంటి కూరకు గుప్పెడు ఏరుకుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. అమ్మే చేపకు మాత్రం సర్కారు ఉప్పే వాడాలి. యుద్ధంలో ఆ ఉప్పు దొరకడమే గగనం. ఆవిడ ఏరి తెచ్చిన ఉప్పును కుండల్లో పోసి, చేపలు ఎండేసే పందిరి కింద ఇసుకలో పూడ్చేది. నా ఎదుటే పూడ్చింది. పిల్లాణ్ణనుకుంది. కాదు, తన మనిషిననుకుంది.

ఆ మధ్యాహ్నమే నాన్నగారికి చెప్పేశాను. ఆయన మొహం వెలిగింది. ఎన్నడూ దగ్గరికి తీయని మనిషి నా భుజం మీద చెయ్యి వేశారు. నీ పేరు బయటికి రానివ్వను అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా.

మర్నాడు జవాన్లు వచ్చి పందిరి పీకారు, కుండలు పగలగొట్టారు, ఊరవేసిన చేపలన్నీ గోతిలో పోయించారు. నాంచారమ్మను బందరు జైల్లో కొన్నాళ్లు ఉంచారు. ఆవిడ తిరిగొచ్చేలోపు ఊరు తన తీర్పు తాను చెప్పేసింది. గుట్టు చెప్పినవాడు ఆవిడ మరిది వీరాస్వామి. చనిపోయిన అన్న వల ఎవరిదన్న దాని మీద వదినతో తగువుపడి ఉన్నాడు కదా, ఇంకెవరు చెబుతారు? అక్కడ గుట్టు చెప్పినవాణ్ణి కొట్టరు, తిట్టరు. అతను వల తాడు పట్టుకోగానే మిగతావాళ్లందరూ వదిలేస్తారు. ఒక్కడు లాగితే వచ్చే వల కాదది.

నాంచారమ్మకే నమ్మకం కుదరలేదు. ఆఫీసు వెనక గోడ దగ్గర నన్ను ఆపింది.

"బాబూ, మా మరిది కోపిష్టోడే గానీ అంత పని చేసేవోడు కాదు. నాన్నగారు అనుకుంటంటే నువ్వు వినే ఉంటావు. ఆడు కాదని ఒక్క మాట చెప్పు. పెద్దల కాళ్లు నేను పట్టుకుంటాను."

"వీరాస్వామే," అన్నాను. "నాన్నగారు చెప్తుంటే విన్నాను."

ఆవిడ నా తల నిమిరి, నిజం చెప్పావు నాయనా అంది.

నాకు తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకు అనలేదు? తెలియదంటే ఇంకా వెతుకుతుంది, వెతికితే నా దగ్గరికే వస్తుంది. ఆ లెక్కంతా ఆ గోడ దగ్గరే వేసుకున్నాను. దయచేసి పిల్లతనం అనకండి. పిల్లలకు అంత ముందుచూపు ఉండదు.

వీరాస్వామి పెళ్లాం బిడ్డలను తీసుకుని ఊరు విడిచిపోయాడు. గుడివాడ వైపు కోతల కూలికి వెళ్లాడని, కొడవలి పట్టడం రాక నవ్వులపాలయ్యాడని ఎవరో అన్నారు. సముద్రం తప్ప మరొకటి ఎరగని మనిషి. ఆ తర్వాత అతని మాటే వినలేదు.

పెద్దవాణ్ణయి, గుడివాడలో ఇంగ్లీషు మాష్టరునయ్యాక, అటక సర్దుతుంటే ఆ పుస్తకాలు దొరికాయి. ఈసారి మాటలు చదివాను. కోటువాడు దొరవేషం కట్టిన దొంగ కాదు, నిజంగానే దొర. కూలీల ఉసురు పోసుకున్న గని యజమాని. పోలీసులు వీరుడి దండు కాదు, అతణ్ణి పట్టుకోవడానికే పరిగెత్తుతున్నారు. ఆ తొలి పుస్తకాల్లో అతను చట్టానికి చుట్టం కాదు. దిక్కులేనివాళ్ల వైపు మనిషి. తను చేసిన పనికి వేరొకణ్ణి పట్టుకుంటే, నేరుగా జడ్జి ముందుకు వెళ్లి చేసింది నేను అంటాడు. నన్నడిగితే అతని బలమంతా ఆ ఒక్క బొమ్మలోనే ఉంది. కారు ఎత్తడం ఏముంది, క్రేను కూడా ఎత్తుతుంది. తర్వాత మా మేనల్లుడి దగ్గర కొత్త పుస్తకాలు చూశాను. అదే వీరుడు పోలీసు అధికారి పక్కన నిలబడి పళ్లికిలిస్తున్నాడు. అచ్చం సర్కారు ఉద్యోగిలా ఉన్నాడు. నేను పన్నెండేళ్లప్పుడు కల్పించుకున్న వీరుడు వాడే.

పుస్తకం అర్థం కాకనే అలా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సరే, గుట్టు చెప్పింది అర్థం కాకనే. మరి అబద్ధం ఏ పుస్తకం చూసి నేర్చుకున్నాను?

నాంచారమ్మను మళ్లీ ఒకసారి బందరు బస్టాండులో చూశాను. ముసలిదైపోయింది, చూపు ఆనదు. పేరు చెబితే గుర్తుపట్టింది. ఊరంతా ఊహించుకుని చెప్పుకుంటున్నప్పుడు నిజం చెప్పిన బాబు ఈయనే అని పక్కనున్నవాళ్లకు చూపించింది. అప్పుడు చెప్పాలనుకున్నాను. కాదు, అదీ అబద్ధమే. అనుకోలేదు. బస్సు ఎప్పుడొస్తుందా అని చూశాను. వచ్చింది, ఎక్కాను.

ఇప్పుడు ఆవిడా లేదు. మీకు చెబితే ఎవరికి ఏం ఒరుగుతుంది? క్షమించమని అడగను. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? వీరాస్వామి పిల్లలు ఎక్కడైనా ఉంటే వాళ్లకు ఈ మాట చేరాలి. మీ నాన్న ఆ పని చేయలేదు. గుట్టు చెప్పింది నేను. అడిగిన మనిషికి మీ నాన్న పేరు చెప్పిందీ నేనే. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ మాత్రం సుఖమైనా నాకు దక్కాలా అంటే, దక్కకూడదు.