గాలి తీసే ఉద్యోగం

మా మేనత్త కొడుకు సెలవులకు మార్కాపురం వస్తే నాకు కడుపు మండుతుంది. దాచుకోవడం దేనికి, మండుతుంది. నేను బస్టాండు దగ్గర ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేస్తాను. వాడు పరమాణువుల్లోని కణాలను విపరీతమైన వేగంతో పరుగెత్తించే పెద్ద యంత్రం దగ్గర పనిచేస్తాడు. ఆ కణాలు పోయే గొట్టంలో గాలి దాదాపు లేకుండా చేయడం వాడి ఉద్యోగం. ఇద్దరం ఒకే ఐటీఐలో ఒకే బెంచీ మీద చదివాం. ఆకురాయి పట్టడం వాడికి నేర్పింది నేనే.

మొన్న వేసవిలో నా దుకాణానికి వచ్చాడు. అప్పుడు ఒక ఫ్రిజ్ గొట్టాల్లోంచి పంపుతో గాలి లాగుతున్నాను. గేజి ముల్లు అడుగుకు దిగింది. వాడు చూస్తున్నాడని కాస్త దర్జాగానే పంపు కట్టేశాను.

"ముల్లు అడుక్కు పోయిందంటే గాలంతా పోయిందని గాదు బావా. అంతకంటే కిందిది ఆ గేజికి కనపడదు, అంతే" అన్నాడు.

"మీ గేజికి అంతా కనపడతాదా ఏంది?"

"దానికీ తిప్పలే. లోపల సన్నతీగ వేడెక్కితేనే అది కొలిచేది. ఆ వేడికి గేజే ఇంత గ్యాసు వదుల్తాది. బాగా కిందికి పోయినాక, మేం చూసే అంకె గొట్టంలోదా, గేజిదా అని తల పట్టుకుంటాం."

అలాంటి తలనొప్పి నాకెందుకు రాలేదా అని ఏడుపొచ్చినంత పనైంది. నాకొచ్చేవన్నీ "నీళ్లు చల్లగా కావట్లేదన్నా" అనే తలనొప్పులే.

ఐటీఐ అయ్యాక వాడి ఆ ఉద్యోగ పరీక్షకు ఇద్దరం కలిసే వెళ్లాం. నన్ను ముందు పిలిచారు. వాడు గోడ పక్కన కూర్చుని చూస్తున్నాడు. మెరిసే స్టీలు మూత ఒకటి ఇచ్చి గొట్టానికి బిగించమన్నారు. పక్కనే చేతి తొడుగులు ఉన్నాయి. మా నాయన బతుకంతా పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. నునుపు వచ్చిందో లేదో బొటనవేలితో రుద్ది చూడాలని చిన్నప్పుడే నేర్పాడు. మా ఊళ్లో ఎవరైనా అలాగే చూస్తారు. నేనూ ఆ మూత లోపలి వైపు వేలితో రుద్ది, "బాగుంది సార్" అన్నాను. పరీక్ష పెడుతున్న పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

వేలికున్న జిడ్డు ఆ గొట్టంలో రోజుల తరబడి గ్యాసు వదులుతూనే ఉంటుందని, దాన్ని వదిలించడానికి గొట్టమంతా రోజులకొద్దీ వేడిచేయాలని తర్వాత తెలిసింది. తన వంతు వచ్చినప్పుడు వాడు తొడుగులు వేసుకుని బిగించాడు. ఉద్యోగం వాడికొచ్చింది. వాడికి బుర్ర ఉంది, నాకు లేదు అని నాకు నేనే చెప్పుకుని, కుళ్లుకుంటూనే ఎలాగో సర్దుకున్నాను.

మొన్న దుకాణంలో టీ తాగుతూ వాణ్ని అడిగాను. "తొడుగుల సంగతి నీకెట్ల తెలిసింది బావా?"

"నాకేం తెలుసు" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "నేను గూడా వేలు పెట్టి రుద్దేవాణ్నే. నువ్వు రుద్దినప్పుడు ఆ సార్ మొహం చూసినా. చూసినాక తొడుగులు తీసుకున్నా."

ఇది చెబితే నా మనసు తేలికపడుతుందనుకున్నాడు కాబోలు, భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లూ నాకంటే తెలివైనవాణ్ని చూసి ఏడుస్తున్నాననుకున్నాను. అందులో కొంచెమైనా మర్యాద ఉండేది. పరీక్ష రోజు నాకంటే ముందు వాణ్ని పిలిచి ఉంటే చాలు.