ఏసోబు పెదనాన్న కుట్టిన జోడు

రాజమండ్రి బస్టాండు బయట చెప్పులు కుట్టే ఆయన తోలు ముక్కను నీళ్లలో నానబెట్టాడు. ఆ తడి తోలు వాసన చాలామందికి కంపు. నాకు మాత్రం ఏసోబు పెదనాన్న పక్కన కూర్చున్నట్టుంటుంది. సొంత పెదనాన్న కాదు, మా పేటలో పక్కింటాయన. మా ఊరి కాలువ వంతెన దగ్గర ఆయన తాటాకు పాక ఉండేది. ఎడ్ల మెడపట్టీలు, చెర్నాకోలలు, కామందుల కిర్రుచెప్పులు అన్నీ అక్కడే తయారయ్యేవి. అంత పనిమంతుడూ కామందుల ఇళ్లుండే పెద్దవీధి మొదట్లోకి రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచేవాడు. మా పేటవాళ్లందరికీ అదే కట్టుబాటు.

డెబ్బైల చివర్లో నాకు ఆ ఊరి బడిలోనే టీచరుద్యోగం వచ్చింది. బడికి దగ్గర దారి పెద్దవీధే. చేరేరోజు పొద్దున్నే పెదనాన్న కొత్త జోడు తెచ్చి నా ముందు పెట్టాడు.

"చెప్పులు కాళ్లకేసుకోడానికమ్మా. పిల్లలకి పాఠం చెప్పేదానివి, చేత్తో పట్టుకుని ఎల్తావా?" అన్నాడు.

నోట్లో నాలుక లేని మనిషి. ఆ మాట ఎన్నేళ్లుగా దాచుకున్నాడో. భయమేసింది, అయినా వేసుకునే నడిచాను. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. సర్కారు ఉద్యోగినని నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ కోపం పాక మీదకు మళ్లింది.

సాయంత్రం నేను అక్కడుండగానే ఓ కామందు వచ్చాడు. "ఒరే ఏసోబూ, రేపు ఆ పిల్ల చెప్పులు విప్పి నడవాలి. లేదా ఈ ఊళ్లో నీకు పనీ ఉండదు, పాకా ఉండదు" అని చెప్పి వెళ్లాడు.

"కాలువగట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్తాను పెదనాన్నా. నీ కడుపు మీద కొట్టించలేను" అన్నాను.

ఆయన ఆరెతో తోలుకు కన్నం పొడుస్తూ తలెత్తకుండానే అన్నాడు: "నువ్వు చుట్టూ తిరిగితే నీ ఎనక పిల్లలూ అలాగే తిరుగుతారే. వీధిలోంచే ఎల్లు."

వెళ్లాను. ఊళ్లోంచి పని రావడం ఆగిపోయింది. నానేసిన తోలు తొట్టిలోనే కుళ్లింది. ఒకరోజు తెల్లవారి చూస్తే పాక తాటాకులు కాలువలో తేలుతున్నాయి. పేటలో కొందరు ఆయన్నే తప్పుపట్టారు. అది నాకిప్పటికీ మింగుడుపడదు. పెదనాన్న ఊరొదిలి జంగారెడ్డిగూడెం వైపు పొగాకు కూలికి పోయాడు.

కొన్నేళ్లకు కబురొస్తే వెళ్లాను. నులకమంచంలో ఎముకల పోగులా ఉన్నాడు. నా మొహం చూడలేదు, ముందు కాళ్లవైపు చూశాడు.

"షాపులో కొన్నావా? కుట్టు బాలేదు" అన్నాడు. తర్వాత, "వీధిలోంచే ఎల్తన్నావా?" అని అడిగాడు.

"వీధిలోంచే పెదనాన్నా."

"చాలు" అని గోడవైపు తిరిగాడు. ఆ వారమే పోయాడు.

ఆ వీధిలో ఇప్పుడు అందరూ చెప్పులతోనే తిరుగుతారు. ఆయన పేరు ఒక్కరికీ గుర్తులేదు, నాకు ఒళ్లు మండుతుంది. పాక పోయింది, పని పోయింది, ఊరు పోయింది. ఆయనకు దక్కిందల్లా నా నడక ఒక్కటే. అందుకే రిటైరైనా, అటు పనేమీ లేకపోయినా, ఊళ్లో ఉన్న ప్రతిరోజూ ఆ వీధిలో ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకసారి నడిచి వస్తాను.