అంచు మీద బ్రేకు

వైదేహి మళ్ళీ దిగి నడిచింది.

బండ దాకా బాగానే వచ్చింది. తడిసిన వేర్ల మీదుగా, హ్యాండిల్ రాసుకునేంత దగ్గరగా ఉన్న రెండు పైన్ చెట్ల మధ్య నుంచి, బురద మీద వేసిన చెక్కల మీదుగా సైకిల్ ఆమె చెప్పినట్టే విన్నది. బండ కనిపించగానే భుజాలు బిగుసుకున్నాయి. అంచుకు బారెడు దూరంలో ఆగి, కాలు కింద పెట్టి, పక్కనున్న పొదల్లోంచి సైకిల్ని దించుకుంటూ కిందికి వచ్చింది.

కింద సైకిల్ గుంపుని నడిపించే కొలీన్, మిగతా ఆడవాళ్ళు ఎదురు చూస్తున్నారు. ఒకామె నీళ్ళ సీసా మూత బిగించుకుంది. ఇంకొకామె మోచేతి మీద దోమను కొట్టుకుంది. వాళ్ళు ఏదైనా అన్నా బాగుండేది అనిపించింది వైదేహికి.

వైదేహి వాళ్ళుండే కనాటా ఊరు దాటాక మొదలయ్యే ఆ అడవిలో నేలంతా రాయి. సైకిల్ దారి ఆ రాళ్ళ మీదుగానే పోతుంది. ఒకచోట ఉన్నట్టుండి తెగిపోయి, మోకాలెత్తు కింద మళ్ళీ మొదలవుతుంది. అలాంటి చోటుని డ్రాప్ అంటారు. చక్రం దాని మీద నుంచి దొర్లి దిగదు. సైకిల్, మనిషి కలిసి ఒక్క క్షణం గాలిలో ఉండి కింద వాలాలి. పక్కన నిలబడి చూస్తే అది ఇంటి గుమ్మం ముందు మెట్టుకంటే కాస్త పెద్దది, అంతే. సైకిల్ మీద నుంచి చూస్తే మాత్రం అంచు తర్వాత నేలే ఉండదు.

నలభై ఎనిమిదేళ్ళ వయసులో వైదేహి సైకిల్ కొనడానికి పెద్ద కారణమేమీ లేదు. ఆమె ఒక టెలికాం కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. కిందటి చలికాలం టీములో సగం మందిని తీసేశారు. మిగిలిన వాళ్ళు వాళ్ళ పని కూడా చేస్తూ, తమ వంతు ఎప్పుడొస్తుందా అని కేలండర్లో ప్రతి కొత్త మీటింగు వంకా అనుమానంగా చూస్తున్నారు. సాయంత్రం ఇంటికొచ్చినా ఆమె బుర్ర ఆగేది కాదు. కూర తరుగుతూ కత్తి వదిలేసి లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళేది, లాప్‌టాప్ వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళేది. ఆఫీసులో ఎవరో గురువారాలు ఆడవాళ్ళ సైకిల్ గుంపు ఒకటుందని చెబితే వెళ్ళింది. అడవిలో రాయీ వేరూ చూసుకుంటూ తొక్కుతున్నప్పుడు ఇంకే ఆలోచనా పట్టదు. అది ఆమెకు కావలసి వచ్చింది.

జూన్‌లో ఆ బండ మీద పడింది. అంచు దగ్గర ముందు చక్రం టక్కున ఆగింది, వెనక చక్రం లేచింది, ఆమె హ్యాండిల్ మీదుగా వెళ్ళి చేతుల మీద పడింది. మణికట్టు ఎముక చిట్లింది.

కట్టుతో ఉండగా ఒక ఆదివారం తెలిసినవాళ్ళింట్లో భోజనాలకు వెళితే, సూర్యకుమారి అనే పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఆవిడ రిటైరైన ఎముకల డాక్టరు.

"ఎలా పడ్డావమ్మా?"

"సైకిల్ మీద నుంచి, ఆంటీ. కొండల్లో తొక్కేది."

"కొండలా? కనాటాలో కొండలెక్కడున్నాయి?"

"చిన్నవే. బండలు."

"చిన్న బండలకే ఇలా అయితే పెద్దవి దొరక్కపోవడమే మంచిదైంది." ఆవిడ పులిహోర గిన్నె అందుకుంది. "నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ చెప్పే మాట ఒకటే. చిన్నదేనండీ, అని. అచ్యుత్, నువ్వైనా చెప్పవయ్యా."

"చెబితే వినేట్టుంటే మీదాకా ఎందుకొస్తుందండీ," అన్నాడు అచ్యుత్, వైదేహి భర్త. అందరూ నవ్వారు. వైదేహి కూడా నవ్వింది.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో అతను ఒకటే అడిగాడు. "ఒంటరిగా మాత్రం పోకు. అదైనా చెయ్యి." సరేనంది.

ఆగస్టులో మళ్ళీ మొదలుపెట్టింది. ప్రతి గురువారం బండ దాకా వెళ్ళడం, దిగి నడవడం. అంతటితో పోతే ఫరవాలేదు. కానీ ఆ బండ మిగతా దారినంతా పాడుచేయడం మొదలుపెట్టింది. బయలుదేరిన దగ్గర్నుంచీ అదెప్పుడొస్తుందా అనే ఆలోచన, దాటాక మళ్ళీ నడిచానే అనే ఆలోచన. మీటింగుల్లో బల్ల అంచుని రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. వంటింట్లో చపాతీ కర్ర పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే బిగుసుకునేవి. ఆఫీసు ఆలోచనల నుంచి పారిపోవడానికి కొనుక్కున్న సైకిల్ ఇంకో ఆఫీసయి కూర్చుంది. ఇలాగే ఉంటే మానెయ్యడమే నయం. మానేస్తే మళ్ళీ ఆ కత్తి, ఆ లాప్‌టాప్, ఆ కిటికీ.

సెప్టెంబరు మొదట్లో ఒక శనివారం పొద్దున, "అమ్మేస్తానండీ," అంది.

అచ్యుత్ కాఫీ కప్పు దించలేదు. "దేన్ని?"

"సైకిల్ని. మీరు రెండు ఫొటోలు తియ్యండి. నేను తీస్తే వంకరగా వస్తాయి."

అతను సంతోషం కనిపించనివ్వకుండా లేచాడు. గరాజులో కారుకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉన్న సైకిల్ని వెలుతురులోకి తెచ్చేందుకు ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి చేత్తో సీటుని నెట్టాడు. వాలుగా ఉన్న డ్రైవ్‌వే మీదికి రాగానే సైకిల్ జారసాగింది. ఆపడానికి బ్రేకు నొక్కాడు. వెనక చక్రం జానెడు లేచి అతని మోకాలికి కొట్టుకుంది.

"అబ్బా. ఇదేంటి, ముందు బ్రేకు ఎడమ చేతికి పెట్టారు?"

"ఇక్కడ అన్నిటికీ అంతే."

"మనకి కుడి చేతికి కదా ఉండేది."

"మనకి అంతే. వీళ్ళకి ఇంతే. కొన్నప్పుడే చెప్పాడు షాపతను."

చెప్పాక ఆమె అక్కడే నిలబడిపోయింది. రాజమండ్రిలో ఇంటరు చదివేటప్పుడు నాన్న స్కూటీ నేర్పుతూ వెనక కూర్చుని ఒకే మాట పదిసార్లు అనేవాడు. మొదట ఎడమ చెయ్యి, మొదట ఎడమ చెయ్యి, కుడి చేతి జోలికి పోకు, పల్టీ కొడతావు. కాలేజీకి, తర్వాత ఉద్యోగానికి, ఆటోల మధ్య, గేదెల మధ్య, ఏళ్ళ తరబడి భయం వేసినప్పుడల్లా ఎడమ చెయ్యే ముందుగా బిగిసింది. ఇక్కడ బ్రేకులు అటుది ఇటు మారి ఉంటాయని ఆమెకు తెలుసు. చేతికి తెలియదు.

"బండ మీద నేను నొక్కింది ఎడమదే," అంది.

"ఏంటి?"

"జూన్‌లో. వెనకది అనుకుని ముందుది నొక్కాను."

అచ్యుత్ మోకాలు రుద్దుకుంటూ ఆమె మొహం చూశాడు. "అయితే ఫొటోలు?"

"తర్వాత చూద్దాం."

"అనుకున్నా," అన్నాడు అతను.

సైకిల్ షాపులో బ్రేకు గొట్టాలు విప్పి అటుదిటు మార్చారు. మోటార్‌సైకిల్ నడుపుతారా, వాళ్ళు కూడా ఇలాగే మార్పించుకుంటారు అన్నాడు అక్కడి మనిషి. కాదు, స్కూటీ అంది వైదేహి. అతనికి అదేమిటో తెలియలేదు, ఆమె చెప్పలేదు. మధ్యాహ్నమంతా వీధి చివర ఆపడం, బయల్దేరడం, ఆపడం. ఎడమ చెయ్యి నొక్కితే వెనక చక్రం ఆగుతోంది. చాలా ఏళ్ళ తర్వాత సొంత ఇంట్లో స్విచ్చి చీకట్లో చేతికి దొరికినట్టుంది. ఆ సోమవారం ఆఫీసులో ఆమె మొహంలో వెలుగు చూసి ఇద్దరు ముగ్గురు ఏమిటి విశేషం అని అడిగారు.

గురువారం వచ్చింది. బండ దగ్గరికి అందరికంటే ముందు తనే వెళ్ళింది. వేగం సరిపోయింది. పెడల్స్ రెండూ సమంగా ఉన్నాయి, మోచేతులు విప్పి ఉన్నాయి. అంచు రాగానే ఎడమ చెయ్యి బిగిసింది. దాంతోపాటు కుడి చెయ్యీ బిగిసింది. సైకిల్ అంచు మీదే అడ్డంగా జారింది. పక్కనున్న పైన్ కొమ్మ దొరకబుచ్చుకుంది. లేకపోతే ఈసారి ఏ ఎముకో.

కొలీన్ పరుగెత్తుకొచ్చింది. స్కూలు టీచరుగా పనిచేసి మానేసిన మనిషి, ఎవరికీ గొంతు పెంచదు. జూన్ నుంచీ చెబుతున్న మాటే మళ్ళీ చెప్పింది. వేళ్ళు తియ్యి, వైదేహీ. ఏ బ్రేకైనా సరే, అంచు మీద వద్దు. ఆపేదంతా ఇక్కడికి రాకముందే అయిపోవాలి.

వైదేహి కొమ్మ వదల్లేదు. జూన్ నుంచీ ఈ మాట వింటూనే ఉంది. అర్థమైంది అని తలూపుతూనే ఉంది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఆమె చెప్పే మాట ఒకటుంది. ఒక తప్పు దొరికిందని సంబరపడి ఆగకండి, మీరు వెతుకుతున్నది అదో కాదో చూడండి అని. బ్రేకులు తారుమారవడం నిజమైన తప్పే. కానీ ఏ చేతిది ఏ బ్రేకైనా, అంచు మీద నొక్కడమే అసలు తప్పు. నెమ్మదిగా పోతే దెబ్బ తగలదని ఆమె ఒళ్ళు అనుకుంటోంది. నెమ్మదిగా పోతే ముందు చక్రమే ముందుగా పడుతుంది. వేగంగా పోతేనే రెండూ కలిసి దిగుతాయి. ఇది అర్థం కావడానికి లెక్కలు అక్కర్లేదు. ఆమె చదివిన చదువుకు ఒక చిన్న బొమ్మ చాలు. అర్థమయ్యే ఉంది కూడా. అయినా చెయ్యి బిగుస్తోంది.

మిగతా దారిలో ఆమె అందరికంటే వెనక ఉండిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికే తయారై కూర్చుంది. వచ్చే గురువారం దాకా ఆగడం తన వల్ల కాదనిపించింది. అచ్యుత్ పేపరు చదువుతున్నట్టు ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఒంటరిగా పోనన్నాను," అంది.

"అన్నావు."

"మరి?"

అతను ఫోన్ పక్కన పెట్టాడు. "నాకు సైకిల్ రాదే."

"నడవడం వచ్చుగా."

అచ్యుత్ ఆఫీసు బూట్లతోనే వచ్చాడు. అడవి దారిలో ప్రతి బురదగుంట దగ్గరా ఆగి, ఎటువైపు నుంచి పోవాలో ఆలోచించి, చివరికి మధ్యలోనే కాలు వేశాడు. దోమలు తననే కుడుతున్నాయనీ, వైదేహిని వదిలేస్తున్నాయనీ అన్నాడు. నిజమే. బండ దగ్గరికి వచ్చేసరికి మెడ మీద రెండు దద్దుర్లు లేచాయి.

"ఇదేనా?" అన్నాడు. బండని చూసి, ఆమెని చూసి, మళ్ళీ బండని చూశాడు. "దీని కోసమా ఇంత?"

"దీని కోసమే."

"ఇంకా పెద్దది అనుకున్నా."

"పైకెళ్ళి చూడండి."

అతను ఎక్కి, అంచున నిలబడి చూసి, బండ పట్టుకుని నెమ్మదిగా దిగి వచ్చాడు.

వైదేహి సైకిల్ని వెనక్కి తీసుకుపోయింది. చెక్కలకు అవతలున్న మేపుల్ చెట్టు దగ్గర తిరిగి ఎక్కింది. చెక్కల చివరి దాకా బ్రేకు, ఆ తర్వాత లేదు, అనుకుంది. బయల్దేరింది. చెక్కలు దాటింది. బండ వచ్చింది. చూపుడువేళ్ళు బ్రేకుల మీదికి పాకాయి, సైకిల్ నిలిచిపోయింది. కాలు దించింది.

అంచు కింద, దారి మళ్ళీ మొదలయ్యే చోట, సరిగ్గా మధ్యలో అచ్యుత్ నిలబడి ఉన్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ ముందుకు చాచి.

"మీరేం చేస్తున్నారు?"

"పడితే పట్టుకుందామని."

"సైకిల్‌తో సహానా?"

"సైకిల్ దారి సైకిల్‌ది. నిన్ను పట్టుకుంటా."

వైదేహికి నవ్వొచ్చింది, వెంటనే చిరాకొచ్చింది. "మీరు ఎదురుగా నిలబడితే నేను బ్రేకు వెయ్యకుండా ఎలా వస్తానండీ? పక్కకి జరగండి."

అతను ఒక అడుగు పక్కకి వేశాడు.

"ఇంకా."

ఇంకో అడుగు వేశాడు. చేతులు మాత్రం అలాగే చాచి ఉన్నాయి.

"చేతులు దించండి. నాకు అవే కనిపిస్తున్నాయి."

"పడితే?"

"పడితే పడతాను. మీరు మాత్రం అటు చెట్టు దగ్గరికి వెళ్ళండి."

అతను మూతి బిగించి, బురద బూట్లు చప్పుడు చేసుకుంటూ చెట్టు దగ్గరికి వెళ్ళి, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. దారి ఖాళీ అయింది. రాళ్ళు, ఎండుటాకులు, ఎడమవైపు వంపు.

ఆమె మళ్ళీ మేపుల్ చెట్టు దాకా వెళ్ళింది. బయల్దేరింది. చెక్కల చివర బ్రేకు వదిలి, వేళ్ళన్నీ పిడికిట్లోకి ముడుచుకుంది. బొటనవేలు కూడా. బండ వచ్చింది. చక్రాల చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ధడాలున నేల తగిలింది. గొలుసు ఫ్రేముకు కొట్టుకుంది, కుడికాలు పెడల్ మీద నుంచి జారింది, పిక్క గీరుకుంది. సైకిల్ వంపు తిరగకుండా నేరుగా పొదల్లోకి పోయి అక్కడ ఆగింది. ఆమె దాని మీదే ఉంది.

అచ్యుత్ పరుగెత్తుకొచ్చాడు. "పడ్డావా?"

"లేదు."

"రక్తం వస్తోంది."

"పెడల్ గీరుకుంది. పడలేదు."

"నాకైతే పడ్డట్టే అనిపించింది," అన్నాడు, రొప్పుతూ. "అయినా అయిపోయింది కదా. పద ఇంటికి. ఇడ్లీ పిండి ఉంది."

వైదేహి సైకిల్ని పొదలోంచి లాగుతోంది. ఇది తొక్కడమా, పడకపోవడమా అనేది ఆమెకే తేలలేదు.

"ఇంకోసారి."

"ఎందుకు? దూకావుగా."

"కళ్ళు మూసుకున్నానండీ."

అచ్యుత్ ఆమె వంక చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, ఆమె పిక్క చుట్టూ ముడి వేసి, ఈసారి చెప్పించుకోకుండానే దారి వదిలి చెట్టు వెనక్కి పోయాడు.

ఆమె సైకిల్ని బండ పక్కనుంచి పైకి నెట్టుకుపోయింది. ఎక్కాక ఊపిరి కూడా పీల్చుకోకుండా బయల్దేరింది. చెక్కలు. పిడికిళ్ళు. అంచు వచ్చింది, పోయింది. ఆకులు, వాటి మీద తన సైకిల్ ఇందాక గీసిన చార, పక్కన ఆఫీసు బూటు అచ్చులు, అన్నీ కనిపించాయి. రెండు చక్రాలూ ఒకేసారి నేలకు తగిలాయి.

"ఈసారి చూశావా?" అని చెట్టు వెనక నుంచి అచ్యుత్ అరిచాడు.

దారి ఎడమకు తిరుగుతోంది. ముందు అది చూసుకోవాలి.